ఒక మిర్చి కంటైనర్ వెంట: వెబ్ కస్టమ్స్ సాఫ్ట్‌వేర్ లోపల ఏముంటుంది, దాన్ని ఎలా కట్టాలి

కస్టమ్స్ సాఫ్ట్‌వేర్ చేయాలి అనగానే డెవలపర్లు ముందు స్క్రీన్ గురించే అడుగుతారు. ఫారంలో ఎన్ని ట్యాబులు, ఏ ఫ్రేమ్‌వర్క్, డాష్‌బోర్డ్‌లో ఏ గ్రాఫులు. అది ఈ పనిలో అన్నిటికన్నా తేలికైన ముక్క. అసలు కష్టమంతా ఎక్కడుందంటే, మీరు ఒకసారి టైప్ చేసిన ఇన్వాయిస్ నంబరు కస్టమ్స్ దగ్గర, జీఎస్టీ దగ్గర, రిజర్వ్ బ్యాంకు దగ్గర, షిప్పింగ్ లైన్ దగ్గర అక్షరం పొల్లుపోకుండా ఒకేలా కనబడాలి. ఒక్క సున్నా తేడా వస్తే సరుకు వెళ్లిపోతుంది గానీ డబ్బు ఆగిపోతుంది. కాబట్టి ఈ గైడ్‌లో స్క్రీన్ల గురించి దాదాపు ఏమీ చెప్పను. గుంటూరు నుంచి ఎండుమిర్చి విశాఖ పోర్టు మీదుగా బయటికి వెళ్తోంది అనుకుని, దాని షిప్పింగ్ బిల్లు (ఎగుమతి కోసం కస్టమ్స్‌కి ఇచ్చే ప్రకటన) వెంట నడుచుకుంటూ వెళ్దాం. సీహెచ్‌ఏ, అంటే కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో పనిచేసేవాళ్లకీ, వాళ్లకి సాఫ్ట్‌వేర్ రాసి పెట్టే హైదరాబాద్ కుర్రాళ్లకీ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను, అందుకని ఒకరికి తెలిసిన సంగతి మధ్యమధ్యలో ఇంకొకరి కోసం వస్తుంది, సర్దుకోండి.

అడుగు 1: ఎవరితో మాట్లాడాలో ముందు కాగితం మీద గీయండి

కోడ్ జోలికి పోకముందే ఒక తెల్ల కాగితం తీసుకోండి. మధ్యలో మీ సాఫ్ట్‌వేర్. దాని పక్కన ఐస్‌గేట్, ఇది 2007లో పెట్టిన కస్టమ్స్ వారి బయటి గుమ్మం, మనం ఫైళ్లు ఇచ్చేదీ జవాబులు తీసుకునేదీ ఇక్కడే. గుమ్మం లోపల ఐసెస్ అనే అసలు వ్యవస్థ, అధికారులు కూర్చుని పనిచేసేది దాని మీద. ఇది 1990ల మధ్యలో ఢిల్లీలో మొదలై, తర్వాత ఒక్కో కస్టమ్ హౌస్‌కి పాకి, చివరికి అన్నీ కలిపి ఒకే కేంద్ర వ్యవస్థ అయింది. దాని పక్కనే ఆర్‌ఎంఎస్, అంటే ఏ సరుకుని తెరిచి చూడాలో ఏది వదిలేయాలో తేల్చే రిస్క్ వ్యవస్థ. దిగుమతులకి 2005 నుంచి, ఎగుమతులకి 2013 నుంచి ఉంది. ఐసెస్ నుంచి బయటికి ఇంకో మూడు గీతలు గీయండి: జీఎస్టీ నెట్‌వర్క్‌కి ఒకటి, ఎగుమతి డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వ్ బ్యాంకు ఈడీపీఎంఎస్‌కి ఒకటి, డబ్బు చెల్లించే పీఎఫ్‌ఎంఎస్‌కి ఒకటి. ఈ మూడింటితో మీ సాఫ్ట్‌వేర్ నేరుగా మాట్లాడదు. కానీ మీరు రాసింది వాటి దాకా వెళ్తుంది, గొడవలన్నీ పుట్టేది కూడా అక్కడే.

ప్రపంచంలో చాలా దేశాలు ఇలా సొంతంగా కట్టుకోలేదు. ఐక్యరాజ్యసమితికి చెందిన అంక్టాడ్ 1980ల నుంచి అసీకుడా అనే కస్టమ్స్ సాఫ్ట్‌వేర్ ఇస్తోంది, వందకు పైగా దేశాలు వాడాయి, మన పక్కనే శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్ దాని మీదే నడుస్తున్నాయి. మనది మాత్రం సొంత వ్యవస్థ, సొంత ఫైల్ ఫార్మాట్. అందుకే విదేశీ ప్యాకేజీ కొనుక్కొచ్చి ఇక్కడ నడిపిద్దాం అనుకునేవాళ్లకి మొదటి నెలలోనే తల బొప్పి కడుతుంది.

అడుగు 2: పార్టీ వివరాలను పేర్లుగా కాదు, సరిచూడదగ్గ నంబర్లుగా దాచుకోండి

పార్టీ అంటే ఇక్కడ ఎగుమతిదారు. ఆ రికార్డులో ఐఈసీ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్ల గుర్తింపు నంబరు), జీఎస్టీఐఎన్ (జీఎస్టీ నమోదు నంబరు), ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే బ్యాంకు శాఖ కోడ్) తప్పనిసరి. ఇక్కడ ఒక మంచి సౌకర్యం ఉంది, వాడుకోండి. జీఎస్టీ వచ్చాక కొత్తగా ఇచ్చే ఐఈసీ అంటే పాన్ నంబరే. జీఎస్టీఐఎన్‌లో 15 అక్షరాలుంటే, మొదటి రెండు రాష్ట్రం కోడ్ (ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36), ఆ తర్వాతి పది మళ్లీ అదే పాన్, చివరిది సరిచూసే అక్షరం. అంటే ఎవరైనా ఒక కంపెనీ ఐఈసీ కింద ఇంకో కంపెనీ జీఎస్టీఐఎన్ వేస్తే మీ సాఫ్ట్‌వేర్ ఆ క్షణంలోనే పట్టుకోగలదు. అన్నదమ్ముల ఫర్మ్‌లు రెండూ ఒకే ఆఫీసులో నడిచే చోట ఈ పొరపాటు జరుగుతూనే ఉంటుంది.

ఏడీ కోడ్ విషయంలో పార్టీ దగ్గర అది ఉందా అన్నది మాత్రమే చూస్తే సరిపోదు. ఏ పోర్టు నుంచి పంపుతున్నామో ఆ పోర్టుకి ఐస్‌గేట్‌లో నమోదై ఉందా అన్నది చూడాలి. కాబట్టి డేటాబేస్‌లో ఏడీ కోడ్‌ని పార్టీ పక్కన కాకుండా, పార్టీ, పోర్టు రెండూ కలిసిన పట్టికలో పెట్టండి. పోర్టు కోడ్ కూడా ఊరి పేరు కాదు: ఐఎన్‌వీటీజెడ్1 అంటే విశాఖ ఓడరేవు, ఐఎన్‌హెచ్‌వైడీ4 అంటే హైదరాబాద్ ఎయిర్ కార్గో, ఐఎన్‌ఎస్‌ఎన్‌ఎఫ్6 అంటే సనత్‌నగర్ ఐసీడీ. చివరి అంకె 1 అయితే సముద్రం, 4 అయితే విమానం, 6 అయితే లోతట్టు డిపో. ఈ అంకెని బట్టే తర్వాత ఏ ఫీల్డులు అడగాలో (కంటైనర్ నంబరా, ఎయిర్‌వే బిల్లా) సాఫ్ట్‌వేర్ తేల్చుకోవచ్చు.

అడుగు 3: ప్రతి రేటుకీ ఒక పుట్టిన తేదీ, ఒక పోయిన తేదీ

టారిఫ్, నోటిఫికేషన్లు, మారకం రేట్లు, యూనిట్ కోడ్లు, దేశాల కోడ్లు, జిల్లాల కోడ్లు. వీటిని డైరెక్టరీలు అంటారు. కొత్త డెవలపర్ చేసే పని ఏంటంటే, టారిఫ్ పట్టికలో రేటు మారినప్పుడు పాత రేటు మీద కొత్తది రాసేస్తాడు. అలా చేశారో, మూడేళ్ల తర్వాత ఆడిట్‌లో పాత బిల్లు తెరిస్తే లెక్క కుదరదు. ప్రతి వరుసలో ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అని రెండు తేదీలు పెట్టండి, పాతది ఎప్పుడూ చెరపకండి.

ఇది ఊరికే జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు రాత్రికి రాత్రి మారాయి. అదే ఏడాది నవంబరు 1 నుంచి, దిగుమతి వాళ్లందరికీ నోటికి వచ్చేసిన, సుంకం మినహాయింపుల 50/2017 నోటిఫికేషన్ స్థానంలో 45/2025 వచ్చింది, వరుస నంబర్లన్నీ మారిపోయాయి. ఆ రోజు పొద్దున తేదీలు లేని పట్టికలు పెట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

మారకం రేటు దగ్గర రెండు గోతులున్నాయి. ఒకటి, బ్యాంకు రేటు కాదు, కస్టమ్స్ ప్రకటించే రేటే వాడాలి. 2024 జులై నుంచి ఇది ఐస్‌గేట్‌లోనే నెలకి రెండుసార్లు, మొదటి, మూడో గురువారాల్లో వస్తోంది, అందులో ఎగుమతికి ఒక రేటు, దిగుమతికి ఒక రేటు ఉంటాయి. రెండు, జపాన్ యెన్, కొరియా వోన్ రేట్లు ఒక యూనిట్‌కి కాదు, వందకి ఇస్తారు. ఆ వందతో భాగించడం మర్చిపోతే సరుకు విలువ వంద రెట్లు పెరుగుతుంది, అప్పుడు మీ క్లయింటు ఫోన్ రావడానికి పెద్ద టైం పట్టదు.

జిల్లాల కోడ్లు కూడా కదలవు అనుకోకండి. 2020 ఫిబ్రవరి నుంచి షిప్పింగ్ బిల్లులో ప్రతి వస్తువుకీ పుట్టిన రాష్ట్రం, జిల్లా చెప్పాలి. మన మిర్చికి గుంటూరు అని కళ్లు మూసుకుని వేసేవాళ్లు, 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల విడిపోయాయి కదా. సరుకు నిజంగా ఏ జిల్లాదో పార్టీని అడిగి వేయండి, యార్డు ఎక్కడుందో చూసి కాదు.

అడుగు 4: ఫారం నింపేటప్పుడే తప్పులు పట్టండి

ఎండుమిర్చి, పొడి చేయనిది, ఎనిమిది అంకెల్లో 09042110. ఇందులో మొదటి ఆరు అంకెలు ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే హార్మొనైజ్డ్ సిస్టమ్‌వి, 1988 నుంచి ప్రపంచమంతా ఒకటే. చివరి రెండూ మనవి. అదే మిర్చిని దంచితే ఆరు అంకెల దగ్గరే మారి 090422 అవుతుంది. వస్తువు వివరణలో కారం పొడి అని రాసి కోడ్ మాత్రం పాత బిల్లు నుంచి కాపీ కొట్టడం రోజూ జరిగేదే, కాబట్టి పాత బిల్లుని నకలు తీసే బటన్ పెడితే, వివరణ మార్చిన వెంటనే కోడ్ గడి ఖాళీ అయ్యేలా చేయండి. విసుక్కుంటారు, పర్లేదు.

కంటైనర్ నంబర్ గడి నాకు బాగా ఇష్టమైంది, ఎందుకంటే ఇక్కడి తప్పుని లెక్కతోనే పట్టేయొచ్చు. ఐఎస్‌ఓ 6346 ప్రకారం నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక సరిచూసే అంకె. సీ-ఎస్-క్యూ-యూ 305438 అనే నంబరు తీసుకోండి. అక్షరాలకి విలువలుంటాయి, ఏ అంటే 10తో మొదలై, 11 గుణిజాలని దాటేస్తూ పోతాయి. అలా సీ 13, ఎస్ 30, క్యూ 28, యూ 32. ఇప్పుడు ఎడమ నుంచి ఒక్కో దాన్ని 1, 2, 4, 8, 16 అలా 512 దాకా హెచ్చించి కూడండి: 13, 60, 112, 256, 48, 0, 320, 512, 768, 4096. మొత్తం 6185. దీన్ని 11తో భాగిస్తే శేషం 3. కాబట్టి చివరి అంకె 3 ఉండాలి (శేషం 10 వస్తే సున్నా అనుకోవాలి). పది లైన్ల కోడ్. డ్రైవర్ ఫోన్‌లో చదివి వినిపించిన నంబర్లో 6, 8 తారుమారైతే ఇక్కడే దొరికిపోతుంది. దొరక్కపోతే ఏమవుతుందో చివర్లో చెప్తాను.

విలువ దగ్గర, ఇన్వాయిస్ సీఐఎఫ్‌లో (ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన ధరలో) ఉంటే ఆ రెండూ తీసేసి ఎఫ్‌ఓబీ, అంటే ఓడ ఎక్కించే దాకా అయ్యే ధర తేల్చాలి, ఎందుకంటే ప్రోత్సాహకాలు లెక్కించేది దాని మీద. 2021 జనవరిలో వచ్చిన రోడ్‌టెప్ (ఎగుమతి సరుకు మీద పడ్డ పన్నులు తిరిగిచ్చే పథకం) కావాలంటే ప్రతి వస్తువు దగ్గరా 'ఆర్‌ఓడీటీఈపీవై' అని స్పష్టంగా ప్రకటించాలి. ఆ చివరి వై లేకపోతే అడగలేదనే అర్థం. దాన్ని డిఫాల్ట్‌గా ఖాళీ వదిలే సాఫ్ట్‌వేర్‌ని నేనైతే కొనను. అవును, కాదు రెండిట్లో ఒకటి ఎంచుకునే దాకా ముందుకు కదలనివ్వకూడదు.

ఇన్వాయిస్ నంబరు మాత్రం మళ్లీ టైప్ చేయించకండి. జీఎస్టీ నియమం 46 ప్రకారం ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, అందులో హైఫన్, స్లాష్ ఉండొచ్చు. పార్టీ అకౌంటెంట్ వాడే ప్యాకేజీ నుంచి అదే నంబరు నేరుగా రావాలి. వీలుకాకపోతే పీడీఎఫ్ నుంచి కాపీ చేయించి, ముందూ వెనకా ఖాళీలు కత్తిరించండి. అంతేగానీ లోపలి సున్నాల్ని, స్లాష్‌లని 'శుభ్రం' చేసే తెలివితేటలు పెట్టొద్దు.

ఇదంతా అయ్యాక చెక్‌లిస్ట్, అంటే పార్టీ సరిచూసుకోవాల్సిన బిల్లు ముసాయిదా తయారవుతుంది. ఆఫీసుల్లో జరిగే పద్ధతి తెలిసిందే: పీడీఎఫ్ తీసి వాట్సాప్‌లో పార్టీకి పంపుతారు, అటు నుంచి ఒక బొటనవేలు గుర్తు వస్తుంది, ఫైల్ చేసేస్తారు. తర్వాత గొడవొస్తే ఏ చెక్‌లిస్ట్‌కి ఒప్పుకున్నారో ఎవరికీ తెలీదు. ప్రతి చెక్‌లిస్ట్‌కీ ఒక వెర్షన్ నంబరు, ఒక లింకు ఇవ్వండి, ఆ లింకులో పార్టీ నొక్కిన ఆమోదం, సమయంతో సహా ఆ వెర్షన్‌కే అతుక్కుని ఉండాలి. ఆమోదం తర్వాత ఒక్క గడి మారినా ఆమోదం రద్దు. వెబ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నందుకు నిజంగా కలిసొచ్చే లాభం ఇదే, మిగతావి పాత డెస్క్‌టాప్ ప్యాకేజీలూ చేసేవి.

అడుగు 5: కాగితాలు ఈ-సంచిత్‌లోకి

ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, మిర్చికి స్పైసెస్ బోర్డు కాగితాలు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఇవన్నీ పీడీఎఫ్‌లుగా సంతకం చేసి, కాగితాలు దాచే కస్టమ్స్ వ్యవస్థ ఈ-సంచిత్‌లో ఎక్కించాలి. ఎక్కించాక ఒక్కో కాగితానికి ఐఆర్‌ఎన్ అనే నంబరు వస్తుంది, షిప్పింగ్ బిల్లు ఫైల్‌లో కాగితం వెళ్లదు, ఈ నంబరే వెళ్తుంది. ఇక్కడ ఒకే సలహా. ఏ ఐఆర్‌ఎన్ ఏ కాగితానిదో, ఏ రకం డాక్యుమెంట్ కోడ్‌తో ఎక్కిందో దాచుకోండి, ఏడాదంతా చెల్లే సర్టిఫికెట్లని ప్రతి బిల్లుకీ మళ్లీ ఎక్కించకుండా అదే నంబరు వాడుకోవచ్చు. గడువు తీరేముందు గుర్తుచేసే ఏర్పాటు ఉండాలి.

అడుగు 6: సందేశం ఫైల్, అంటే కంటికి కనపడని అక్షరంతో కాపురం

వెబ్ ఏపీఐలకి అలవాటు పడ్డ కుర్రాళ్లకి ఇది చూడగానే నవ్వొస్తుంది. షిప్పింగ్ బిల్లు సందేశం ఒక సాదా టెక్స్ట్ ఫైల్. మొదటి లైను హెచ్‌ఆర్‌ఈసీ అని మొదలవుతుంది: పంపేవాడి ఐడీ, అందుకునే పోర్టు కోడ్, 'ఐసెస్1_5' అనే వెర్షన్, తర్వాత పీ అనే ఒక్క అక్షరం, సందేశం పేరు 'సీఏసీహెచ్‌ఈ01', ఒక వరుస నంబరు, తేదీ, సమయం. ఆఖరి లైను టీఆర్‌ఈసీ, అందులో మళ్లీ అదే వరుస నంబరు. మధ్యలో పట్టికలు: బిల్లు వివరాలు, ఇన్వాయిస్‌లు, వస్తువులు, కంటైనర్లు, సింగిల్ విండో సమాచారం, ఐఆర్‌ఎన్‌లు.

ఆ పీ అంటే ప్రొడక్షన్, టీ అంటే టెస్ట్. దీన్ని కోడ్‌లో రాసి పెట్టకండి, సర్వర్ సెట్టింగ్‌లో ఉంచండి, టెస్ట్ సర్వర్ నుంచి పీతో ఫైల్ ఎప్పటికీ పుట్టకుండా గొళ్లెం వేయండి.

ఫీల్డుకీ ఫీల్డుకీ మధ్య కామా ఉండదు, ఆస్కీ 29 అనే అక్షరం ఉంటుంది. స్క్రీన్ మీద కనపడదు. తప్పు వెతుకుదామని ఫైల్‌ని నోట్‌ప్యాడ్ నుంచి కాపీ చేసి ఇంకో చోట అతికిస్తే అది మాయమైపోవచ్చు, అప్పుడు గంటలు పోతాయి. అందుకని మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఫైల్‌ని పట్టికలా విప్పి, 'పదిహేడో ఫీల్డు, పేరు ఇది, విలువ ఇది' అని చూపించే పేజీ ఒకటి మొదటి వారంలోనే రాసుకోండి. కస్టమర్‌కి కనపడని ఆ పేజీయే మిమ్మల్ని ఎక్కువసార్లు కాపాడుతుంది. ఇంకోటి, పార్టీలు వర్డ్ ఫైల్ నుంచి కాపీ చేసిన అడ్రసుల్లో వంకర కోట్స్, పొడుగు డ్యాష్‌లు, తెలియని ఖాళీలు వస్తాయి. సాదా ఇంగ్లిష్ కీబోర్డు అక్షరాలు తప్ప మిగతావన్నీ ఫారంలోనే ఎర్రగా చూపించి ఆపండి.

ఈ పాత ఫార్మాట్ శాశ్వతం అనుకోవద్దు. ఓడల మ్యానిఫెస్ట్ (సరుకు జాబితా) సందేశాలు 2018 నిబంధనల కింద ఇప్పటికే జేసన్ ఫార్మాట్‌లోకి వచ్చేశాయి. కాబట్టి బిల్లు డేటా ఒక చోట, దాన్ని ఫైల్‌గా మార్చే ముక్క విడిగా ఇంకో చోట ఉంచండి. రేపు ఫార్మాట్ మారితే ఆ ముక్క ఒక్కటి మార్చుకుంటే చాలు.

అడుగు 7: సంతకం

డిజిటల్ సంతకం అంటే క్లాస్ 3 సర్టిఫికెట్, యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. టోకెన్ లోపల రహస్య కీ ఉంటుంది, అది ఎప్పుడూ బయటికి రాదు. అసలు చిక్కు ఏంటంటే, మీది వెబ్ సాఫ్ట్‌వేర్, సర్వర్ ఎక్కడో ముంబైలో క్లౌడ్‌లో ఉంది, టోకెన్ ఏమో విశాఖ ఆఫీసులో ఒక పీసీకి గుచ్చి ఉంది, మధ్యలో ఉన్న బ్రౌజర్‌కి ఆ టోకెన్‌ని ముట్టుకునే హక్కు లేదు. ఒకప్పుడు జావా యాప్లెట్లతో ఈ పని నడిచేది, బ్రౌజర్లు వాటిని తీసేశాయి. ఇప్పుడు చేసే పద్ధతి ఇది: ఆ పీసీలో ఒక చిన్న సహాయక ప్రోగ్రాం వేస్తారు, అది 127.0.0.1 అనే సొంత చిరునామాలో వింటూ కూర్చుంటుంది. మీ వెబ్ పేజీ ఫైల్‌ని దానికి ఇస్తుంది, అది పీకేసీఎస్11 అనే ప్రమాణం ద్వారా టోకెన్‌తో మాట్లాడుతుంది, పిన్ అడుగుతుంది, ఫైల్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 ముద్ర లెక్కగట్టి టోకెన్ చేత సంతకం చేయిస్తుంది, సంతకాన్నీ సర్టిఫికెట్‌నీ ఫైల్ అడుగున అతికించి వెనక్కి ఇస్తుంది.

ఆ సహాయక ప్రోగ్రాం మీ సైటు తప్ప వేరే ఏ సైటు అడిగినా సంతకం చేయకూడదు. వచ్చిన అభ్యర్థన ఏ చిరునామా నుంచి వచ్చిందో చూసే రెండు లైన్ల కోడ్ రాయకపోతే, ఆ పీసీలో తెరిచిన ఏ పిచ్చి వెబ్‌సైటైనా మీ లైసెన్సు పేరు మీద సంతకం అడగొచ్చు.

సంతకం చేశాక ఫైల్‌లో ఒక్క బైటు మారినా చెల్లదు. విండోస్‌లో లైను చివర రెండు అక్షరాలు, లినక్స్‌లో ఒకటి. సంతకం విండోస్ పీసీలో అయి, ఫైల్ లినక్స్ సర్వర్‌కి వచ్చి, అక్కడ ఏదో లైబ్రరీ లైను చివర్లని 'సరిచేసి' పంపిందంటే, కంటికి ఫైల్ అదే, ఐస్‌గేట్‌కి మాత్రం సంతకం తప్పు. అందుకని సంతకం పడిన దగ్గర్నుంచి ఫైల్‌ని టెక్స్ట్‌గా చూడటం మానేయండి. బైట్ల ముద్దగా దాచి, బైట్ల ముద్దగానే పంపండి.

పిన్ విషయం చెప్పక తప్పదు. చాలా ఆఫీసుల్లో టోకెన్ రోజంతా పీసీకే ఉంటుంది, పిన్ మానిటర్ కింద చీటీ మీద ఉంటుంది, ఎఫ్ కార్డు (కస్టమ్స్ ఏజెంటు గుర్తింపు కార్డు) ఉన్నాయన పేరు మీద ఆఫీసులో ఎవరైనా సంతకం చేసేస్తారు. పిన్ దాచుకునే సౌకర్యం పెట్టమని మిమ్మల్ని కచ్చితంగా అడుగుతారు. పెట్టకండి. పది బిల్లులకి ఒకేసారి పిన్ అడిగే ఏర్పాటు చేస్తే సగం ఒత్తిడి తగ్గుతుంది. తప్పు పిన్ వరసగా కొడితే టోకెన్ లాక్ అవుతుందని కూడా స్క్రీన్ మీద ముందే రాయండి. ఓడ కట్-ఆఫ్ (సరుకు అందించాల్సిన ఆఖరి గడువు) సాయంత్రం పెట్టుకుని టోకెన్ లాక్ అయితే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

అడుగు 8: పంపడం, జవాబు కోసం కాచుకోవడం

'సబ్మిట్' నొక్కగానే వెంటనే షిప్పింగ్ బిల్లు నంబరు వస్తుందనుకుని స్క్రీన్ తిప్పుతూ కూర్చోబెట్టొద్దు. ఇది ఫోన్ కాల్ కాదు, రిజిస్టర్డ్ పోస్టు లాంటిది. ఫైల్‌ని ఒక క్యూలో వేయండి, వెనక ఒక వర్కర్ తీసి పంపుతుంది, జవాబు ఎప్పుడొస్తే అప్పుడు బిల్లు స్థితి మారుతుంది. జవాబు రెండు రకాలు: అన్నీ బాగుంటే నంబరు, తేదీ, లేకపోతే తప్పుల కోడ్లతో తిరస్కారం. ఆ కోడ్లని తెలుగులో, ఏ గడి వల్ల వచ్చిందో చూపిస్తూ రాసిపెట్టండి. రాత్రి తొమ్మిదికి ఫైల్ చేసే జీ కార్డు (ఏజెంటు ఆఫీసు ఉద్యోగి కార్డు) కుర్రాడికి ఉత్త కోడ్ చూపిస్తే ఏం చేస్తాడు పాపం.

అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడుంది. పంపారు, జవాబు రాలేదు, నెట్ పోయిందేమోనని మళ్లీ పంపారు. రెండు బిల్లులు పుట్టొచ్చు. దీనికి మందు జాబ్ నంబరు. మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాబ్ నంబరు, తేదీ కలిపి ఒక బిల్లుకి ఒక్కటే ఉండాలి, మళ్లీ పంపినా అదే వెళ్లాలి, డేటాబేస్‌లో ఆ జంట మీద యూనిక్ నిబంధన ఉండాలి. స్థితులు కూడా గట్టిగా కట్టండి: ముసాయిదా, ఆమోదం, సంతకం, పంపినది, నంబరు వచ్చినది. 'పంపినది' నుంచి నేరుగా 'ముసాయిదా'కి వెనక్కి వెళ్లే దారి ఉండకూడదు, తిరస్కారం వచ్చాకే తెరుచుకోవాలి. నంబరు వచ్చాక మార్పు కావాలంటే కొత్త ఫైల్ కాదు, సెక్షన్ 149 కింద సవరణ అడగాలి, అది చాలావరకు అధికారి చేతిలో పని.

బిల్లుని వెతకడానికి నంబరు ఒక్కటే సరిపోదని గుర్తుంచుకోండి. పోర్టు కోడ్, నంబరు, తేదీ, మూడూ కలిస్తేనే ఒక బిల్లు.

అడుగు 9: నంబరు వచ్చాక అసలు కథ

చాలా సాఫ్ట్‌వేర్లు ఇక్కడితో ఆగిపోతాయి. పార్టీకి కావలసింది మాత్రం ఇక్కడి నుంచే మొదలు. కంటైనర్ సీఎఫ్‌ఎస్‌కి (పోర్టు దగ్గరి కంటైనర్ డిపోకి) చేరుతుంది, సరుకు నమోదు అవుతుంది, ఆర్‌ఎంఎస్ చెప్పినదాన్ని బట్టి తెరిచి చూస్తారు లేదా వదిలేస్తారు, తర్వాత ఎల్‌ఈఓ, అంటే బయటికి పంపడానికి అనుమతి. ఆర్‌ఎంఎస్ ఏం తేలుస్తుందో ముందే చెప్పే ఫీచర్ పెడతామని ఎవరైనా అమ్మకానికొస్తే నమస్కారం పెట్టి పంపేయండి. ఆ నియమాలు బయటివాళ్లకి కనపడవు.

ఎల్‌ఈఓ తర్వాత ఓడ బయల్దేరుతుంది, షిప్పింగ్ లైన్ ఈజీఎం, అంటే ఓడలో వెళ్లిన సరుకు జాబితా, దాఖలు చేస్తుంది. ఐజీఎస్టీ (దేశం దాటే సరుకుకీ వర్తించే జీఎస్టీ) కట్టి పంపిన సరుకైతే, జీఎస్టీ నియమం 96 ప్రకారం షిప్పింగ్ బిల్లే రీఫండ్ దరఖాస్తు. పార్టీ తన జీఎస్టీ రిటర్ను జీఎస్‌టీఆర్-1లో 6ఏ పట్టికలో రాసింది జీఎస్టీ నెట్‌వర్క్ నుంచి కస్టమ్స్‌కి వస్తుంది, ఐసెస్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది, ఒక కోడ్ ఇస్తుంది. ఎస్‌బీ000 అంటే అంతా సరే. ఎస్‌బీ001 అంటే షిప్పింగ్ బిల్లు వివరాలే దొరకలేదు. ఎస్‌బీ002 అంటే ఈజీఎం లేదు. ఎస్‌బీ003 అంటే జీఎస్టీఐఎన్ తేడా. ఎస్‌బీ005 అంటే ఇన్వాయిస్ తేడా, అందరినీ ఏడిపించేది ఇదే. షిప్పింగ్ బిల్లులో 'ఈఎక్స్‌పీ/045' అని ఉండి, రిటర్నులో అకౌంటెంట్ 'ఈఎక్స్‌పీ/45' అని వేశాడనుకోండి, మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి కాదు. అందుకే నాలుగో అడుగులో ఆ నంబరు ముట్టుకోవద్దన్నది. కంటైనర్ నంబరు తేడాగా ఉంటే ఈజీఎంతో జత కుదరదు, రీఫండ్ అక్కడా ఆగుతుంది. ఆ పది లైన్ల కోడ్ విలువ ఇక్కడ తెలుస్తుంది.

కాబట్టి ప్రతి బిల్లుకీ ఎల్‌ఈఓ, ఈజీఎం, రీఫండ్ కోడ్, బ్యాంకులో ఈడీపీఎంఎస్ కింద డబ్బు వచ్చినట్టు మూసేశారా, ఈ నాలుగు గడులతో ఒక పేజీ చేయండి. నెల దాటినా ఏదైనా గడి ఖాళీగా ఉంటే పార్టీకీ సీహెచ్‌ఏకీ ఇద్దరికీ సందేశం వెళ్లాలి. జీఎస్‌టీఆర్-1 వేసే ముందే అకౌంటెంట్ దించుకునేలా, షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, పోర్టు కోడ్, ఇన్వాయిస్ నంబరు ఉన్న ఎక్సెల్ ఒకటి తయారుగా పెడితే ఎస్‌బీ005 గొడవ చాలావరకు పుట్టదు.

దిగుమతి వైపు వెళ్లాలంటే

బిల్ ఆఫ్ ఎంట్రీకి (దిగుమతి కోసం ఇచ్చే ప్రకటనకి) సందేశం పేరు సీఏసీహెచ్‌ఐ01, సంతకం, క్యూ, జవాబు అన్నీ ఇవే. కొత్తగా వచ్చేది సుంకం లెక్క. సరుకు విలువ 1,00,000 రూపాయలు, బేసిక్ డ్యూటీ 7.5 శాతం అనుకుంటే 7,500. దాని మీద పది శాతం సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి 750. ఇప్పుడు 1,08,250 మీద 18 శాతం ఐజీఎస్టీ 19,485. మొత్తం 27,735. చూడ్డానికి తేలిక, కానీ మినహాయింపు నోటిఫికేషన్లు, యాంటీ డంపింగ్, ఒప్పంద దేశాల రేట్లు కలిస్తే చెట్టంత అవుతుంది. లెక్కలకి ఫ్లోట్ వాడొద్దు, డెసిమల్ వాడండి. రేటు ఏ తేదీది అన్నది సెక్షన్ 15 తేలుస్తుంది: ఇంటి వాడకానికి వేసే మామూలు బిల్లు ఓడ రాకముందే ఫైల్ చేస్తే ఓడకి ఎంట్రీ ఇన్‌వర్డ్ (సరుకు దించడానికి కస్టమ్స్ అనుమతి) ఇచ్చిన తేదీ. అంటే ఫైల్ చేసిన రోజు సరైన లెక్క, ఓడ వచ్చేలోగా రేటు మారితే తప్పవుతుంది. మీ లెక్కని 'అంచనా' అనే చూపించండి, ఐసెస్ తిరిగి పంపిన మొత్తాన్నే అసలుదిగా దాచండి.

ఏది ముందు కట్టాలి

నా మాట వింటే ఎగుమతితోనే మొదలుపెట్టండి, అదీ ఒకే పోర్టు, ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) కింద పంపే ఒకే సరుకు. సంతకం ముక్క అన్నిటికన్నా ముందు, ఎందుకంటే అది ఆడకపోతే మిగతాదంతా దండగ. తర్వాత ఫైల్ తయారీ, ఆ తర్వాత క్యూ, ఆఖరున ఫారం. పాత ప్యాకేజీలో ఫైల్ చేసిన బిల్లులని మీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఎక్కించి, రెండు ఫైళ్లనీ ఫీల్డు ఫీల్డుగా పోల్చే స్క్రిప్ట్ రాసుకోండి. తేడాలు పూర్తిగా పోయేదాకా అసలు ఫైలింగ్ జోలికి వెళ్లకండి. సంతకం పడిన ఫైళ్లు, వచ్చిన జవాబులు ఐదేళ్లు తగ్గకుండా భద్రంగా ఉండాలి, డేటాబేస్ నుంచి మళ్లీ పుట్టించినవి కాదు, ఆ రోజు వెళ్లిన అసలు బైట్లు. మొబైల్ యాప్ అడుగుతారు. చెక్‌లిస్ట్ ఆమోదానికి, స్థితి చూసుకోవడానికి ఇవ్వండి, సంతకం మాత్రం టోకెన్ ఉన్న పీసీలోనే.